పదకొండు పడకలతో మొదలైన కంటి ఆసుపత్రి

ఎట్టయాపురం, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతమంతా నల్లరేగడి సీమ. వాన చినుకును నమ్ముకొని ప్రత్తి, సజ్జ, జొన్న పండించే ఈ మెట్టనేలలో తెలుగు కుటుంబాలు కొన్ని వందల ఏండ్లుగా స్థిరపడి ఉన్నాయి. వీధిలో తమిళం, ఇంటిలో తెలుగు వారి వాడుక. అటువంటి ఒక రైతు కుటుంబంలో, వడమలాపురం గ్రామమున 1918 అక్టోబరు 1వ తేదీన గోవిందప్ప వెంకటస్వామి జన్మించారు. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించినది ఆయనే.

వైద్యుడు లేని ఊరు

ఆయన బాల్యంలో ఆ ఊరికి వైద్యుడు లేడు. బడి పిల్లలకు కాగితం సైతం కరవు. ఏటి ఇసుక తెచ్చి పరచుకొని దానిపై అక్షరాలు దిద్దుకొనేవారు. దగ్గరి బంధువులలో ముగ్గురు యువతులు గర్భవతులుగా ఉండగానే వైద్యమందక కన్నుమూశారు. ఆ దుఃఖమే ఆయనను కాన్పుల వైద్యుడు కావలెనన్న సంకల్పానికి పురికొల్పింది.

1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో పట్టా పొంది, సైన్యంలో వైద్యుడుగా చేరారు. అయితే తీవ్రమైన కీళ్లవాతం ఆయనను మంచాన పడవేసింది. చేతివ్రేళ్లు వంకరలు పోయాయి. 1948లో సైన్యం నుండి వైదొలగవలసి వచ్చింది. కాన్పుల వైద్యం ఇక సాధ్యం కాదని తెలిసి కంటి వైద్యం అభ్యసించారు. ఆ వంకర వ్రేళ్లతోనే శస్త్రచికిత్స కత్తి పట్టుట నేర్చి, జీవితకాలంలో లక్షకు పైగా కన్నులకు చికిత్స చేశారు. 1956 నుండి మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కంటి విభాగానికి అధిపతిగా ఉండి, పల్లెలలో కంటి శిబిరాలు నడిపారు. 1973లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

నగలు కుదువబెట్టి కట్టిన ఆసుపత్రి

1976లో, 58వ యేట ఉద్యోగ విరమణ చేసిన పిదప, తోబుట్టువుల తోడ్పాటుతో మదురైలో ఒక ఇంటిలో 11 పడకల ఆసుపత్రిని ఆరంభించారు. చెల్లెలు డాక్టర్ నాచ్చియార్, బావమరది డాక్టర్ నంపెరుమాళ్‌సామి కూడా కంటి వైద్యులే. చేతిలో ధనం లేదు. ఇంటి ఆడవారి నగలు కుదువకు వెళ్లాయి. 1981లో 250 పడకల ప్రధాన భవనం, 1984లో పేదల కొరకు 350 పడకల ఉచిత ఆసుపత్రి వెలిశాయి. 1988లో తిరునెల్వేలిలో మరొక ఆసుపత్రి ఏర్పడటంతో కోవిల్‌పట్టి పరిసరాల వారికి దక్షిణాన కూడా కంటి వైద్యం దగ్గరైంది.

ఉచితమైనా రానిదెందుకు?

శిబిరంలో కన్ను పరీక్షించి శస్త్రచికిత్స అవసరమని చెప్పినా, పలువురు ఆసుపత్రికి వచ్చేవారు కారు. విచారించగా కారణం తెలిసింది. చికిత్స ఉచితమే గాని, బస్సు ఛార్జీకి, భోజనానికి, తోడు వచ్చేవారు పోగొట్టుకొనే కూలికి డబ్బు ఎక్కడిది? అది గ్రహించి ఆసుపత్రి వారు శిబిరం నుండే బస్సులో తీసుకొనిపోయి, బస, భోజనం ఇచ్చి, తిరిగి ఊరిలో దింపే ఏర్పాటు చేశారు. పేదవానికి వైద్యం అందుట అంటే మందు దొరకుట మాత్రమే కాదు, దారి దొరకుట కూడా.

ఈ ఖర్చును భరించిన తీరు కూడా గమనింపదగినది. స్తోమత గలవారు చెల్లించే రుసుముతోనే పేదలకు ఉచిత చికిత్స సాగింది. ఒక రోగికి చికిత్స ముగిసేసరికి ప్రక్క బల్లపై రెండవ రోగిని సిద్ధం చేయుట వలన వైద్యుని కాలం వృథా కాలేదు. పల్లెల నుండి వచ్చిన యువతులకు రెండేండ్ల శిక్షణ ఇచ్చి సహాయకులుగా నియమించారు. విదేశీ కటకాలు ఖరీదైనందున పేదలు చికిత్స తరువాత సోడాబుడ్డి కళ్లద్దాలతో సరిపెట్టుకొనే రోజులలో, 1992లో ఆరోల్యాబ్ స్థాపించి కంటిలో అమర్చే కటకాలను చౌకగా ఇక్కడనే తయారు చేయించారు.

వెంకటస్వామి 2006 జూలై 7వ తేదీన పరమపదించారు. 2019లో తిరుపతిలోనూ అరవింద్ ఆసుపత్రి ప్రారంభమైంది. సరిహద్దు పల్లెలవారికి ఇది అందుబాటులో ఉన్నది.

పెద్దలున్న ఇండ్లవారు గుర్తుంచుకోవలసినవి

శుక్లం బాగుగా ముదిరిన తరువాతనే తీయించవలెనన్నది పాతకాలపు మాట. చూపు మందగించి నిత్యకృత్యాలకు ఇబ్బంది కలిగినప్పుడే తీయించుకొనవచ్చును. చుక్కల మందుతో శుక్లం కరగదు. నీటికాసుల వ్యాధి వలన పోయిన చూపు తిరిగి రాదు గనుక ముందుగా కనిపెట్టుటే రక్ష. మధుమేహం గలవారు చూపు బాగున్నప్పటికీ ఏటేటా కన్నులు పరీక్ష చేయించుకొనవలెను. "వయసు మీరింది, ఇక చూపెందుకు" అని పెద్దలు అన్నా, ఇంటివారు ఊరకుండరాదు. వారిని వెంటబెట్టుకొని వెళ్లవలెను.