మీకు తెలుసా? కొత్త ఈవీకి కవచకుండలాలు

ఎలక్ట్రిక్ కారు బుక్ చేసిన వాళ్లకు డెలివరీకి కొద్దిరోజుల ముందు షోరూమ్ నుంచి ఒక ఫోన్ తప్పక వస్తుంది. “సార్, యాక్సెసరీస్ ఏమేం వేయించమంటారు?” అని. వాట్సాప్‌లో వచ్చే ఆ లిస్టు సీటు కవర్లతో మొదలై సిరామిక్ కోటింగ్ దాకా పోతుంది. కారును నిజంగా కాపాడేది ఏది, కాపాడుతున్నట్టే ఉండి కారుకున్న సొంత రక్షణకు అడ్డుపడేది ఏది అన్న సంగతి మాత్రం అందులో ఉండదు. ఆ సంగతులు కొన్ని ఇవి.

◆ ఎలక్ట్రిక్ కారు మీద జీఎస్టీ 5 శాతమే. 2019 ఆగస్టు 1న 12 నుంచి తగ్గించారు. విడిగా కొనే కారు సామాను మీద మాత్రం 18 శాతం. 2025 సెప్టెంబరు 22కి ముందు చాలావాటి మీద 28 శాతం ఉండేది. అందుకే కంపెనీ బిగించి ఇచ్చే పై వేరియంట్ ధర, కింది వేరియంట్ కొని మీరు తర్వాత తగిలించుకునే సామాను ధర పక్కపక్కన వేసి చూడండి. ఒక్కోసారి పై వేరియంటే గిట్టుబాటు. ‘బేసిక్ కిట్ కంపల్సరీ’ అని ఎవరైనా అంటే అది వాళ్ల టార్గెట్ గొడవే తప్ప చట్టంలో ఎక్కడా లేదు.

◆ బ్రోషర్లో ‘ఐపీ67 బ్యాటరీ’ అని ఉంటే కారు వరదను తట్టుకుంటుందని అర్థం కాదు. ఆ 6 అంటే దుమ్ము చొరబడదని. 7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచినా చెడిపోయేంత నీరు లోపలికి పోదని. అరగంట పరీక్ష, అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ అజిత్‌సింగ్ నగర్ మునిగినప్పుడు నీళ్లు రోజుల తరబడి తీయలేదు. అలాంటి చోట ఏ రబ్బరు సీలూ గ్యారంటీ ఇవ్వలేదు.

దీనికి అసలైన కవచం షోరూమ్ లిస్టులో కాదు, బీమా పాలసీలో ఉంటుంది. పెట్రోలు కారుకు ఇంజిన్ ప్రొటెక్షన్ ఎలాగో, ఈవీకి బ్యాటరీ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ అలాగ. మామూలు సమగ్ర పాలసీ వరదను కవర్ చేస్తుంది నిజమే. కానీ మునిగిన కారును ఆన్ చేయడం వల్ల షార్ట్ సర్క్యూట్ అయితే, చార్జింగ్‌లో ఉండగా వోల్టేజీ ఎగిరి బ్యాటరీ దెబ్బతింటే, ‘అది నేరుగా జరిగిన నష్టం కాదు’ అని బీమా కంపెనీ తప్పుకునే వీలుంది. ఆ సందును మూసేది ఈ యాడ్-ఆనే. ఏ కంపెనీది ఏమేం కవర్ చేస్తుందో పాలసీ కాగితంలో చదువుకోవాలి. ఏజెంటు నోటిమాట క్లెయిమ్ రోజున పనికిరాదు. నీళ్లు తీశాక కూడా కారును ఆన్ చేయకండి, చార్జింగ్ పెట్టకండి. టోయింగ్ వాళ్లను పిలవండి.

◆ మన మోటారు బీమా లెక్కల్లో రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలతో పాటు ‘బ్యాటరీలు’ కూడా 50 శాతం తరుగుదల పద్దులో ఉన్నాయి. ఆ పద్దు రాసిన రోజుల్లో బ్యాటరీ అంటే బానెట్ కింద ఉండే చిన్న డబ్బా. ఈవీలో కారు ధరలో పెద్ద వాటా దానిదే. అందుకే జీరో డిప్రిసియేషన్ తీసుకునేటప్పుడు ఒకే ప్రశ్న అడగండి: “ప్రధాన బ్యాటరీకి కూడా వర్తిస్తుందా?” జవాబు మెయిల్లో తెప్పించుకోండి.

బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్, కెమెరా వంటివి పాలసీలో రాయించకపోతే బీమా దృష్టిలో అవి లేనట్టే. పాత టారిఫ్ ప్రకారం ఎలక్ట్రికల్ యాక్సెసరీల విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం కడితే చాలు.

◆ థర్డ్ పార్టీ ప్రీమియంలో ఈవీలకు 15 శాతం రాయితీ ఉంది. 2022 జూన్ 1న వచ్చిన రేట్ల ప్రకారం 30 కిలోవాట్లు దాటి 65 లోపు కార్లకు ఏడాదికి 2,904 రూపాయలు, 65 దాటితే 6,712. ఈ కిలోవాట్లు మోటారు శక్తివి. బ్యాటరీ సైజు చెప్పే కిలోవాట్-అవర్లు వేరు. చాలామంది రెండూ కలిపేసి ‘నాది 30 బ్యాటరీయే కదా’ అని షోరూమ్‌లో వాదనకు దిగుతారు.

◆ నేల మీద పరిచే మ్యాటు ప్రాణం తీయగలదు. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్‌డియేగో దగ్గర ఒక లెక్సస్ ఈఎస్ 350 అదుపు తప్పి నలుగురు చనిపోయారు. డీలర్ తాత్కాలికంగా వాడుకోమని ఇచ్చిన కారది. అందులో వేసిన రబ్బరు మ్యాటు వేరే మోడల్‌ది. దాన్ని కొక్కేనికి బిగించలేదు. అది ముందుకు జరిగి యాక్సిలరేటర్‌ను కిందికి నొక్కిపట్టింది. నెల తిరగ్గానే టయోటా 38 లక్షల కార్లకు మ్యాట్ల విషయమై రీకాల్ ప్రకటించింది.

మన దగ్గర కంపెనీ మ్యాటు మీద ‘7డి’ మ్యాటు, ఇంకా కావాలంటే దాని మీద గడ్డిలాంటి మరో పొర. దుమ్ము బాగానే ఆగుతుంది. కానీ ఈవీ మోటారు పెడల్ తగలగానే ఊపందుకునే రకం, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు. కాబట్టి డ్రైవరు వైపు ఒక్కటే మ్యాటు, ఆ మోడల్‌కే కోసింది, నేలలో ఉన్న క్లిప్పులకు బిగిసేది వేయించండి. వేయించాక కారు ఆఫ్‌లో ఉండగా వంగి యాక్సిలరేటర్‌ను చేత్తో పూర్తిగా నొక్కి వదలండి. అంచుకు తగలకుండా చటుక్కున వెనక్కి రావాలి.

◆ ముందు సీటు బయటి అంచున, తలుపు వైపు, ‘ఎయిర్‌బ్యాగ్’ అని చిన్న ట్యాగు కనిపిస్తే సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటులోపలే ఉన్నట్టు. గుద్దుకున్నప్పుడు అది కుట్టు చీల్చుకుని రెప్పపాటులో బయటికి రావాలి. పైన మందపాటి కవరును గట్టి దారంతో బిగించి కుడితే దాని దారి మూసేసినట్టే. ఆ చోట కావాలనే బలహీనమైన దారంతో కుట్టిన కవర్లు దొరుకుతాయి, అడిగి తీసుకోండి. ముందు బంపరుకు బిగించే ఇనుప క్రాష్ గార్డుల సంగతి ఇంకా సూటిగా ఉంది. అవి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని, చర్యలు తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

◆ కారు కింద, బానెట్ కింద నారింజ రంగు వైరు కనిపిస్తే అది హై వోల్టేజీ. పసుపు రంగు కనెక్టరైతే సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌ది. యాక్సెసరీ కుర్రాడు ఈ రెండింటి జోలికి చేయి పెడుతుంటే అక్కడే ఆపేయండి. ఫాగ్ ల్యాంపులైనా హారనైనా కప్లర్‌తో కలిసేదే వేయించాలి. వైరు కోసి టేపు చుట్టారంటే రేపు వారంటీ కౌంటర్లో మొదట కనిపించేది ఆ టేపే.

◆ అండర్‌బాడీ కోటింగ్ మీద నా అభిప్రాయం: ఈవీకి సాధారణంగా అక్కర్లేదు. నేటి కార్ల బాడీని ఫ్యాక్టరీలోనే తుప్పు పట్టని పూత తొట్టిలో ముంచి తీస్తారు. పైగా ఈవీ కింద సగానికి సగం బ్యాటరీ పెట్టెదే. దానికి ఒత్తిడి బయటికి వదిలే వెంట్లు, దాని చుట్టూ నీరు కారిపోయే రంధ్రాలు ఉంటాయి. నల్లటి జిగురు స్ప్రే చేసే మనిషికి అది వెంటో బోల్టో తెలియదు. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ వాళ్లు తప్పదనుకుంటే కంపెనీ సర్వీస్ సెంటర్లోనే చేయించుకోవాలి, బ్యాటరీ పెట్టెను వదిలేయమని జాబ్ కార్డులో రాయించాలి.

◆ పెయింటు మీద వేసే పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) పుట్టింది కార్ల కోసం కాదు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా హెలికాప్టర్ల రెక్కలను ఇసుక, శకలాల నుంచి కాపాడటానికి వాడిన పారదర్శక పొర దానికి మూలం. ఇప్పటి పీపీఎఫ్ సాగే పాలీయురెథేన్, మందం సుమారు 150 నుంచి 200 మైక్రాన్లు. హైవే మీద లారీ చక్రం కింది నుంచి ఎగిరే కంకర రాయిని తట్టుకునేది ఇదే. సిరామిక్ కోటింగ్ కొద్ది మైక్రాన్ల పూత. మెరుపు ఇస్తుంది, నీళ్లను జారుస్తుంది, రాయిని మాత్రం ఆపలేదు. రెండింటినీ ఒకే గాటన కట్టి అమ్మేవాళ్లున్నారు. బడ్జెట్ తక్కువైతే బానెట్, ముందు బంపర్, అద్దాల వెనక భాగం, తలుపు పిడి కింద గోళ్ల గీతలు పడే గుంట, ఇవి చాలు.

◆ దిష్టి నిమ్మకాయలు కూడా ఒక యాక్సెసరీయే. జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి ముందు కొత్త కార్లకు పూజ చేయించి నిమ్మకాయ, మిరపకాయల దండ ముందు బంపరు నడిమధ్యన కడతారు. అడాస్ (డ్రైవరుకు సాయపడే రాడార్, కెమెరాల వ్యవస్థ) ఉన్న చాలా కార్లలో రాడార్ ఉండేది సరిగ్గా అక్కడే, గ్రిల్లు దగ్గర. దండను పక్కకు జరిపి కట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. పసుపు, కుంకుమ బొట్టు కూడా కెమెరా గాజు మీద పడకుండా చూసుకోండి. తడి గుడ్డతో గట్టిగా రుద్దితే ఆ చిన్న లెన్సు మీద గీతలు పడతాయి. ముందు అద్దం పైభాగంలో ఉండే అడాస్ కెమెరాకు డాష్‌క్యామ్ గానీ వేలాడదీసే బొమ్మ గానీ అడ్డురాకూడదు.

◆ అద్దాల ఫిల్మ్ మీద 2012లో సుప్రీంకోర్టు నిషేధం పెట్టింది. ముందు, వెనక అద్దాల్లో 70 శాతం, పక్క అద్దాల్లో 50 శాతం వెలుతురు లోపలికి రావాలన్నది నిబంధన. సవరించిన నిబంధనల ప్రకారం ప్రమాణాలకు లోబడిన ఫిల్మ్ వేసుకోవచ్చని కేరళ హైకోర్టు 2024లో చెప్పింది. కానీ నడిరోడ్డు మీద ట్రాఫిక్ ఎస్ఐకి తీర్పు వినిపించే ఓపిక ఎంతమందికి ఉంటుంది? మే నెల ఎండకు మడతపెట్టే సన్‌షేడ్ ఒకటి, బయల్దేరే ముందు చార్జింగ్‌లో ఉండగానే ఏసీ ఆన్ చేసుకునే అలవాటు ఒకటి ఉంటే చాలు. చల్లబరచడానికి కరెంటు గోడ నుంచి వస్తుంది, రేంజి నుంచి పోదు.

◆ డబ్బు ఖర్చు పెట్టాల్సిన చోటు మీ పార్కింగ్ గోడ. కారుతో వచ్చే పోర్టబుల్ చార్జర్ సుమారు 3 కిలోవాట్లు లాగుతుంది. గీజరు కూడా ఇంచుమించు అంతే లాగుతుంది, కానీ పావుగంటలో ఆగిపోతుంది. ఇది రాత్రంతా లాగుతుంది. పాత ఇళ్లలో సాకెట్ వెనక స్క్రూలు వదులుగా ఉంటే తెల్లారేసరికి ప్లాస్టిక్ గోధుమరంగుకు మారి వాసన వేస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడనేకూడదు. మీటరు నుంచి విడిగా లైను, దానికి ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పిడుగుల కాలానికి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. 7.2 కిలోవాట్ల గోడ చార్జరైతే 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. మన అపార్ట్‌మెంట్లలో మూడో పిన్నుకు రంధ్రమైతే ఉంటుంది, వెనక ఎర్త్ వైరే ఉండదు. చార్జర్ ఎర్ర లైటు వేసి మొరాయించేది చాలాసార్లు అందుకే. ఎర్త్ లేకుండా నడిచేలా చేసే ‘బైపాస్’ చిట్కా ఎలక్ట్రీషియన్ చెబితే, ఎలక్ట్రీషియన్‌ను మార్చండి.

◆ ఈవీలో కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది డౌనైతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు లేవదు. పార్కింగ్‌లో రాత్రంతా రికార్డు చేసే డాష్‌క్యామ్ తాగేది దాన్నే. వోల్టేజీ పడిపోతే తనంతట తాను ఆగే కిట్‌తోనే బిగించుకోండి. మీ ఈవీతో పక్కవాడి కారుకు జంప్ స్టార్ట్ ఇవ్వడాన్ని చాలా కంపెనీల మాన్యువల్స్ వద్దంటాయి.

◆ సీటు బెల్టు పెట్టుకోకుండా బీప్ ఆపే క్లిప్పులు 13,118 లిస్టింగుల్లో అమ్మకానికి పెట్టారని తేల్చి, 2023 మేలో వినియోగదారుల రక్షణ అథారిటీ అయిదు ఆన్‌లైన్ కంపెనీల చేత వాటిని తీయించింది. రోడ్డు పక్క షాపుల్లో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

◆ కిలో బరువున్న పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ సీటుకో వైరుకో అంటుకున్న చిన్న మంటను ఆపుతుంది. బ్యాటరీ లోపల మొదలైన మంట దానికి లొంగదు. అందుకు చాలా నీళ్లు, ఫైరింజను కావాలి. 2023 మార్చి 31 నుంచి పూర్తిగా అమలైన ఏఐఎస్-038 ప్రమాణం ప్రకారం బ్యాటరీలో ప్రమాదం ముదిరే ముందు కారు హెచ్చరిక ఇవ్వాలి. ఆ హెచ్చరిక చూశాక సామాను కోసం వెతక్కుండా దిగి దూరంగా వెళ్లడమే పని.

◆ ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చెప్పే సెన్సర్లు, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ ఇవ్వనక్కర్లేదని 2020లో నిబంధన మార్చారు. చాలా ఈవీల్లో స్టెప్నీ రాదు. డెలివరీ రోజే డిక్కీ అడుగున చూసి, ఇన్‌ఫ్లేటర్‌ను 12 వోల్టుల సాకెట్లో పెట్టి ఒక టైరుకు గాలి కొట్టి పరీక్షించండి. సీలెంట్ సీసా మీద గడువు తేదీ ఉంటుంది, అది కూడా చదవండి. దాటిపోతే మార్చి ఇమ్మని అడగడానికి ఆ రోజే సరైన రోజు, ఎందుకంటే ఫీడ్‌బ్యాక్‌లో పదికి పది వేయమని వాళ్లు మిమ్మల్ని బతిమాలేదీ ఆ రోజే.