మీకు తెలుసా? ప్లైవుడ్ లెక్క నోబెల్ దాకా వెళ్లింది!

మార్కెట్ ధరలు లేకుండా ఏ వనరు ఎక్కడ వాడాలో తేల్చడం ఎలా? ఈ ప్రశ్నకు గణితంలో జవాబు వెతికినవాడు సోవియట్ శాస్త్రవేత్త లియొనిద్ కాంటరోవిచ్.

• 1938లో లెనిన్‌గ్రాడ్‌లో ప్లైవుడ్ పరిశ్రమ వాళ్లు ఆయన ముందు ఓ చిక్కు పెట్టారు. దుంగల నుంచి పలుచని పొరలు తీసే యంత్రాలు కొన్ని. ఒక్కో రకం కలప ఒక్కో యంత్రంపై ఒక్కో వేగంతో నడుస్తుంది. ఏ కలప ఏ యంత్రానికిస్తే ఎక్కువ సరుకు వస్తుంది?

• ఆ లెక్క విప్పే పద్ధతిని 1939లో చిన్న పుస్తకంగా తెచ్చారు. లీనియర్ ప్రోగ్రామింగ్ అనే గణిత పద్ధతికి అదే తొలి మెట్టు.

• లెక్కతోపాటే ప్రతి వనరుకూ ఒక విలువ తేలింది. అది ఇంకొంచెం దొరికితే ఉత్పత్తి ఎంత పెరుగుతుందో చెప్పే అంకె అది. కొరత ఉన్నదానికి ఎక్కువ, మిగిలిపోయేదానికి సున్నా.

• విలువకు మూలం శ్రమేనన్న సోవియట్ అధికార సిద్ధాంతానికి ఇది మింగుడుపడలేదు. 1942లో రాసిన ఆయన ప్రధాన గ్రంథం 1959లో గానీ అచ్చు కాలేదు.

• 1975లో ట్యాలింగ్ కూప్‌మన్స్‌తో కలిసి ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు.

మార్కెట్లో పోటీపడే విమానయాన, చమురు శుద్ధి సంస్థలు కూడా ఈనాడు లోపలి పనులకు ఇదే గణితంతో ప్రణాళిక వేసుకుంటున్నాయి. ప్రణాళిక ఒక్క ప్రభుత్వాల సొత్తే కాదు.