సాయము కుమ్మక్కైన కథ

హైదరాబాదులోని బేగంబజారు టోకు వర్తకమునకు పేరుగాంచినది. నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఒసగిన స్థలమున ఈ అంగడి వెలసినదని ప్రతీతి. అచట సరకులతోపాటు తెలుగు, ఉర్దూ, మార్వాడీ మాటలును చేతులు మారుచుండును. ఆంగ్లములోని ‘కొల్యూసివ్’ అను విశేషణమునకు సరియైన తెలుగు వెదకు విద్యార్థికి అది మంచి బడి.

ఈ పదము లాటిన్ నుండి వచ్చినది. ‘కూడి ఆడుట’ అని ధాత్వర్థము. ఆట ఇరువురిది, నష్టము మూడవవానిది. తెలుగున దీనికి కుమ్మక్కు, లాలూచీ, లోపాయికారీ అను మాటలు కలవు. వీనిలో మొదటిదాని చరిత్ర చిత్రమైనది. పారసీ, ఉర్దూ భాషలలో ‘కుమక్’ అనగా సాయము, సైన్యమునకు వచ్చు అదనపు బలము. అట్టి మంచి మాట తెలుగున చాటుమాటు పొత్తుకు పేరైనది. ‘లాలూచీ’లో హిందీ ‘లాలచ్’, అనగా దురాశ, వినబడుచున్నది.

రెండు దుకాణములలో జీలకర్ర ధర ఒక్కటే యైనంత మాత్రమున అది కుమ్మక్కు కాదు. ఎదుటి అంగడి ధర చూచి తన ధర దిద్దుకొనుట వ్యాపార సహజము. ధర తగ్గింపరాదని ఇరువురును చాటున ఒప్పుకొని, కొనువాని ఎదుట పోటీ నటించిరా, అది కుమ్మక్కు. పశువుల సంతలో తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టి బేరమాడుటయు రహస్యమే. కాని అందు ఎవరినీ వంచించుట లేదు. చాటు, ఒప్పందము, మూడవవాని వంచన — ఈ మూడును కలిసిననే ఈ విశేషణము చెల్లును.

న్యాయస్థానమున ఈ వివేకము మరింత అవసరము. అప్పులపాలైన వాడొకడు తన బావమరిదిచేత లేని బాకీకి దావా వేయించి, ఎదిరింపక ఓడిపోవును. ఆస్తి బావమరిదికి చేరును. నిజముగా ఋణమిచ్చిన వానికి మిగులునది శూన్యము. వాది ప్రతివాదులు శత్రువులవలె నిలిచినను అది కుమ్మక్కు దావాయే. దావా నడుచుచుండగా ఆస్తి బదిలీని నియంత్రించు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 52వ సెక్షను, ఇట్టి దావాలకు ఆ రక్షణ నీయలేదు. టెండరుదారులు ముందే కూడబలుకుకొనుటను 2002 నాటి పోటీ చట్టము 3వ సెక్షను నిషిద్ధ ఒప్పందములలో చేర్చినది. జనులు దానినే ‘రింగు కట్టుట’ అందురు.

ఒప్పందము, టెండరు, దావా వంటి నామములకు ముందే ఈ విశేషణము తరచుగా నిలుచును. తెలుగున ‘లోపాయికారీ ఒప్పందము’, ‘కుమ్మక్కు దావా’ అనిన చాలును. విద్యార్థి దీనిని ‘సహకార’ అని అనువదించినచో, మోసపోయిన ఆ మూడవవాడు వాక్యమునుండియే మాయమగును.