కీసలో ఏముంది, నడుముకు ఏముంది?

పోయిన నెల మా అక్క కొడుకు మొదటిసారి పాళీకి బయల్దేరాడు. సోలాపూర్‌లో మా ఇంటికి దగ్గరే, అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో టవళ్ల కార్ఖానా. జాబర్ చేతి కింద హెల్పర్ పని. ఐటీఐలో ఫిట్టర్ చదివిన పిల్లాడు, తెలివిగలవాడు. "మామా, పోయొస్తా" అని గడపలో నిలబడ్డాడు. నేను వాణ్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఆగురా, లోపలికి రా. ముందు కీసలు ఖాళీ చెయ్" అన్నాను.

వాడు నవ్వాడు గానీ నా మాట కొట్టెయ్యలేదు. చాప మీద పాత పేపరు పరిచి ఒక్కొక్కటే పెట్టించాను. పై కీసలోంచి ఫోను, దాంతోపాటు చెవుల్లో పెట్టుకునే వైరు. మెడలో రిబ్బనుకు కార్ఖానా కార్డు. వెనక కీసలో ఉబ్బిపోయిన పర్సు. ఇంకో వెనక కీసలో నూనె తుడుచుకునే గుడ్డ, సగం లోపల, సగం బయట. ముందు కీసలో మొన పైకి పెట్టిన కత్తెర, చిల్లర పైసలు, ఏడు తాళంచెవుల గుత్తి, మూత లేని పెన్ను. నడుము బెల్టుకు నాడాతో కట్టి వేలాడదీసిన రెండు పానాలు. చివరికి ఒక అగ్గిపెట్టె.

"అగ్గిపెట్టె ఎందుకురా?"

"నాది కాదు మామా, దోస్తుది."

అన్నీ సంచిలో వేసి ఎదురింటి కిరాణా దుకాణం కాటా మీద పెట్టాం. కిలో మూడు వందల గ్రాములు. బరువు సంగతి అలా ఉంచండి. నా కళ్లు మాత్రం ఆ నాడా మీదే ఉన్నాయి.

నా ఎడమచేతి ఉంగరపు వేలికి పై కణుపు లేదు. ఎలా పోయిందని చాలామంది అడుగుతారు. నేను నవ్వి మాట మారుస్తాను. ఈసారి రాస్తున్నాను.

పదహారు పోగుల తాడు

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. నేనూ హెల్పర్‌నే. ఆ కార్ఖానాలో పానా పోతే పగార్‌లోంచి కోసేవాళ్లు. నాకు రెండుసార్లు కోశారు. మూడోసారి పోగొట్టుకోవద్దని మగ్గం నూలే పదహారు పోగులు తీసి, పేని, తాడు చేసి పానాను బెల్టుకు కట్టుకున్నాను. తెలివైన పనే అనుకున్నాను. తోటి హెల్పర్లు ఇద్దరు నన్ను చూసి అలాగే కట్టుకున్నారు.

ఒక రాత్రి పాళీలో ఒక మగ్గం మోటారు పట్టా జారుతున్న చప్పుడు వచ్చింది. ఆ పట్టాకు ఉండాల్సిన జాలీ తీసి గోడకు ఆనించి ఉంది. మగ్గం ఆపకుండానే వంగి చూశాను. నేను వంగితే పానా ముందుకు ఊగింది. తాడు పట్టాకూ పుల్లీకీ మధ్యకు పోయింది. నడుము పట్టుకుని ఎవరో గుంజినట్టు అయింది. పడిపోకుండా ఉండాలని ఎడమచెయ్యి ముందుకు చాపాను. అంతే. పక్క మగ్గం అన్న స్విచ్చు కొట్టకపోతే ఒక్క కణుపుతో పోయేది కాదు. మనం నేసే నూలు ఎంత గట్టిదో ఆ రాత్రి తెలిసింది. పదహారు పోగుల్లో ఒక్కటీ తెగలేదు.

తప్పు ఎవరిది అని తర్వాత చాలా ఆలోచించాను. జాలీ లేకపోవడం యజమాని తప్పు. పానా పోతే పగార్ కోసే పద్ధతీ ఆయనదే. నాడా కట్టుకుని, తిరిగే మగ్గం మీదికి వంగింది నేను. తిరిగే భాగాలకు కంచె ఉండాలని, మిషను నడుస్తుండగా దాన్ని చూసే, నూనె వేసే కార్మికుడికి ఒంటికి బిగుతుగా ఉండే బట్టలు యజమానే ఇవ్వాలని అప్పటి 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాసి ఉండేది. పోయిన సామానుకు కోత వేయాలన్నా ముందు కార్మికుడి మాట వినాలని వేతనాల చట్టం చెబుతుంది. ఇవి మనం నలుగురం కూడి అడగాల్సినవి, అడుగుదాం. కానీ రేపు పొద్దున పాళీకి పోయేముందు నా చేతిలో ఉన్నది, మీ చేతిలో ఉన్నది మన నడుము, మన కీసలు. అందుకే ఈసారి వాటి గురించి.

నాయిన రొంటి, అమ్మ కొంగు

మా నాయిన మిల్లులో పనిచేసిన రోజుల్లో ఆయనకు ప్యాంటూ లేదు, బెల్టూ లేదు. ధోతి, పైన బండీ. బండీకి లోపలివైపు దొంగ కీస, మరాఠీవాళ్లు చోర్‌ఖిసా అంటారే, అది. పగార్ నాడు నోట్లు అందులోకి పోయేవి. రొంటిలో పొగాకు, సున్నం డబ్బీ. మొలతాడుకు పెట్టె తాళంచెవి, మిల్లువాళ్లు ఇచ్చిన ఇత్తడి బిల్ల. అన్నీ లోపల, ఒంటికి అంటుకుని ఉండేవి. ఒక్కటీ బయట ఊగేది కాదు.

అమ్మ కండెలు చుట్టే పనికి పోయేది. పైసలు కొంగున ముడి. ఆ కొంగును నడుము చుట్టూ తిప్పి బొడ్లో గట్టిగా దోపేది. జడను ముడి చుట్టి పైకి పెట్టేది. వాళ్లకు ఎవరూ క్లాసు చెప్పలేదు. పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నారు. మనకు ప్యాంట్లు వచ్చాయి, నాలుగైదు కీసలు వచ్చాయి, బెల్టు వచ్చింది. కీసలు పెరిగిన కొద్దీ పద్ధతి తగ్గింది.

నడుము ఎత్తులోనే ప్రమాదం

మగ్గం ముందు నిలబడే మనిషికి గూడు లేదు, బల్ల లేదు. ఒకడు నాలుగు మగ్గాలు చూస్తాడు. పోగు తెగితే మగ్గం ఆపాలి, తెగిన కొస వెతకాలి, దారం ముక్క అతకాలి, తీగ కన్నులోంచి, రీడ్ పళ్ల సందులోంచి లాగాలి, మళ్లీ నడపాలి. ఈలోగా పక్క మగ్గంలో కండె అయిపోతుంది. కాబట్టి సామాను ఒంటి మీదే ఉండాలి, చెయ్యి పెట్టగానే దొరకాలి.

కానీ పట్టాలు, పళ్లచక్రాలు, నాడెను కొట్టే కర్ర, ఇవన్నీ దాదాపు మన నడుము ఎత్తులోనో తొడ ఎత్తులోనో తిరుగుతాయి. సందులు ఇరుకు. నాడె నిమిషానికి వందసార్లకు పైగా అటూ ఇటూ కొడుతుంటుంది. అందుకే నా మొదటి లెక్క ఒక్కటే: ఒంటి మీద ఉన్నది ఏదైనా సరే, మూసి ఉండాలి, లేదా లోపల ఉండాలి. వేలాడకూడదు.

ఏది ఎక్కడ

నేను ఇరవై ఏళ్లుగా పాటిస్తున్నది, మావాడికి నేర్పింది చెబుతున్నాను. మీ పనిని బట్టి మార్చుకోండి.

బెల్టు సంచి. మూత ఉన్న చిన్న తోలు సంచి ఒక్కటి చాలు. కుడిచేతివాడైతే కుడిపక్క, తుంటి ఎముకకు కొంచెం వెనకగా. బొడ్డు ముందు పెడితే వంగినప్పుడు గుచ్చుకుంటుంది. సరిగ్గా వెన్నెముక మీద పెడితే, వెల్లకిలా పడిన రోజున పానా నడుములో దిగుతుంది. అందులో రెండే పానాలు. మా మగ్గాలకు 12-13, 16-17 సరిపోతాయి. మిగతావి పెట్టెలో. పానా పోతుందన్న భయమా? దానిమీద మీ గుర్తు చెక్కుకోండి, ఎర్ర రంగు పూయండి. నేలమీద ఎక్కడ పడినా కనబడుతుంది. తాడు మాత్రం కట్టకండి.

కత్తెర. మొన కిందికి ఉండాలి, తొడుగులో ఉండాలి. పాత మోటారు పట్టా ముక్కను మడిచి చెప్పులు కుట్టే ఆయనకిస్తే రెండు నిమిషాల్లో తొడుగు కుట్టిస్తాడు. మొన పైకి పెట్టుకుని వంగినవాళ్ల పొట్టలు గీసుకుపోవడం నేను చూశాను.

కుడి ముందు కీస. పోగు లాగే హుక్కు, సుద్దముక్క. మాటిమాటికీ చెయ్యి పోయేది ఇక్కడికే, కాబట్టి ఇంకేమీ పెట్టొద్దు. చిల్లరతో కలిస్తే హుక్కు వెతుక్కోవాలి. పెన్ను వద్దు. తెల్ల టవల్ మీద సిరా చుక్క పడితే ఆ దాగుకు కోత మనకే.

ఎడమ ముందు కీస. తుడిచే గుడ్డ. మొత్తం లోపలికి పోయేంత చిన్నది. సగం బయటికి వేలాడే గుడ్డ, నా నాడా, రెండూ ఒకటే జాతి.

వెనక కీసలు. కార్ఖానా లోపల ఖాళీ. పర్సు సంగతి నాకు ఈఎస్ఐ దవాఖానలో తెలిసింది. ఏడాదిపాటు కుడి తొడలో సలుపు, కూర్చుంటే ఎక్కువ. డాక్టరు గారు గోళీలు రాసేముందు, "వెనక కీసలో ఏముంది?" అని అడిగారు. పాత చీటీలన్నీ కుక్కిన పర్సు తీసి చూపించాను. దానిమీద కూర్చుంటే పిరుదు లోపల కాలికి దిగే నరం నొక్కుకుంటుందట. పర్సు మారిన రెండు నెలల్లో సలుపు తగ్గింది.

బెల్టు బకిల్. మగ్గం మీదికి వంగినప్పుడు పొట్ట బట్టకు ఆనుతుంది, బకిల్ గీరుతుంది. బకిల్‌ను పక్కకు తిప్పి పెట్టుకోండి. బెల్టు కొస వేలాడకుండా దోపండి.

మెడ, వేళ్లు. కార్డు రిబ్బను గేటు దగ్గర చూపించి తీసేయండి, కీసలో పెట్టి గుండీ పెట్టండి. ఉంగరం, చేతి కడియం, గొలుసు డబ్బాలో. జాబర్ పని చేసేవాళ్లు మరీ జాగ్రత్త. స్టార్టర్ పెట్టె తెరిచినప్పుడు లోహపు గొలుసు తీగలకు తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మొలతాడు బనియన్ లోపల ఉంటే ఇబ్బంది లేదు, తాళంచెవులు దానికి కట్టి బయటికి వదిలితేనే ఇబ్బంది.

ఫోను. పై కీసలో ఉంటే వంగినప్పుడు జారి పడుగు మీద పడుతుంది. ఫోనూ పగులుతుంది, పోగులూ తెగుతాయి. డబ్బా సంచిలో పెట్టండి. తప్పనిసరి అయితే తొడ పక్కన జిప్పు కీస కుట్టించుకోండి. చెవుల వైరు లోపలికే వద్దు. మగ్గం చప్పుడు తేడా వినబడటమే మనకు మొదటి హెచ్చరిక.

అగ్గిపెట్టె, బీడీ. గేటు బయట. గాల్లో, మగ్గాల కింద ఎప్పుడూ నూలు దుమ్మే. ఒక్క నిప్పురవ్వ చాలు.

పై కీసలో ఒక చీటీ

నాకు దెబ్బ తగిలిన రాత్రి దవాఖానకు తీసుకుపోయినవాళ్లకు మా ఇల్లు తెలియదు. నేను చెప్పే స్థితిలో లేను. తెల్లారి పాళీ దిగినవాళ్లంతా ఇళ్లకు చేరారు, నేను రాలేదు. మా అమ్మ నడుచుకుంటూ కార్ఖానా గేటు దాకా వచ్చి, లోపలికి పోయే ప్రతి ఒక్కర్నీ అడిగిందట. ఆమె ఆ పొద్దు సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. పక్కింటి పెద్దమ్మ చెప్పింది.

అందుకే గుండీ ఉన్న పై కీసలో ఒక్కటే వస్తువు: ప్లాస్టిక్ కవర్లో ఒక చీటీ. పేరు, ఇంటివాళ్ల ఫోను నంబరు, ఇంటి పక్కవాళ్లది ఇంకొకటి, రక్తం గ్రూపు, షుగర్ గానీ బీపీ గానీ ఉంటే వేసుకునే మందు, పడని మందు, పది అంకెల ఈఎస్ఐ నంబరు. తెలుగులో రాస్తే ఇక్కడి దవాఖానలో చదవలేకపోవచ్చు, మరాఠీలోనూ రాయండి. కర్ణాటకలో ఉన్నవాళ్లు కన్నడంలో, తమిళనాడులో తమిళంలో, ఒడిశాలో ఒడియాలో. పిల్లలు బడిలో చదువుతున్నారు కదా, వాళ్లచేత రాయించండి. ఫోనులోనూ తాళం తీయకుండానే కనబడేలా అత్యవసర వివరాలు పెట్టుకునే వీలుంది. కానీ ఫోను పగలొచ్చు, చీటీ పగలదు. ఆపదలో పిలవాల్సిన నంబరు 112 అని ఇంట్లో అందరికీ తెలియాలి.

పన్నెండు అంకెల పీఎఫ్ నంబరు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఇవేవీ కీసలో తిప్పొద్దు. చెమటకు తడిసి చిరుగుతాయి. అసలువి ఇంట్లో, అవసరమైన రోజున నకలు.

ఇంట్లో బీడీలు చుట్టే అక్కలకూ ఒక మాట. మీ గుర్తింపు కార్డు చాట కింద పెట్టి మరిచిపోకండి, నకలు తీసి పెట్టుకోండి. గంటల కొద్దీ కూర్చునే నడుముకు తాళాల గుత్తి బరువు ఎందుకు? కత్తెర వాడనప్పుడు తొడుగులో పెట్టండి, చుట్టూ పసిపిల్లలు పాకుతుంటారు.

ఆదివారం పని

వారానికి ఒక్కసారి అన్నీ చాప మీద పెట్టండి. ఆ వారంలో ఒక్కసారి కూడా వాడనిది తీసి పక్కన పెట్టండి, చీటీ తప్ప. తర్వాత దీపం ఆర్పి, ఒంటి మీద ఏది ఎక్కడుందో చేత్తో తడిమి తీసి చూడండి. హుక్కు కోసం తడబడితే దాని చోటు తప్పు. కళ్లు మగ్గం మీద ఉండగా చెయ్యి దానంతటదే దాని దగ్గరికి పోవాలి.

ఇక మావాడి సంగతి. ఆ రోజు నాడా విప్పి నాకిచ్చి, సంచి నాది పెట్టుకుని పోయాడు. మొదటి వారం, "అందరూ వేలాడదీసుకుంటారు మామా, నన్ను చూసి నవ్వుతున్నారు" అన్నాడు. నేనేమీ అనలేదు, ఎడమచెయ్యి చూపించాను. పోయిన ఆదివారం మళ్లీ కాటా మీద పెట్టాం. నాలుగు వందల గ్రాములు కూడా లేదు. వాడితోపాటు ఇంకో పిల్లాడు వచ్చాడు. వాడూ హెల్పరే. తోలు తొడుగు ఎక్కడ కుట్టిస్తారని అడగడానికి వచ్చాడట.

చీటీ మాత్రం మా అక్క తన చేత్తో రాసింది. అందులో మొదటి నంబరు నాది.