వంద బకెట్ల వేణ్నీళ్లు!

ఇంట్లో ఇద్దరికి స్నానానికి నీళ్లు కాచడం పెద్ద పనేం కాదు. అదే వందమందికైతే? అదీ కరెంటు సరిగా లేనిచోట, తెల్లారేలోగా! పెళ్లి విడిది నుంచి వరద సహాయ శిబిరం దాకా వెంట తీసుకెళ్లగలిగే గ్యాస్ బాయిలర్‌కి చాలా పనుంది. కానీ దాని తయారీ వెనక పెద్ద లెక్కే ఉంది. ఆ లెక్క తప్పితే డబ్బే కాదు, ప్రాణాలూ పోతాయి.

తెల్లవారుజామున నాలుగు గంటలు. కార్తీకమాసపు చలి. విడిదింట్లో మగపెళ్లివారు వందమంది. ఆరింటికల్లా అందరూ తయారవ్వాలి. బాత్రూమ్‌లో ఉన్న ఒక్క గీజరూ ముగ్గురు స్నానం చేసేసరికి చల్లబడిపోయింది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, గుండిగ ఎక్కించి, కట్టెలు ఎగదోస్తే పొగే తప్ప సెగ రాదు. ఒకప్పుడు ప్రతి పెళ్లింట్లోనూ ఇదే కథ. ఇప్పుడు కట్టెల స్థానంలో గ్యాసు పొయ్యి వచ్చింది. టెంట్‌హౌస్ వాళ్లే తెచ్చి దింపుతున్నారు. కానీ చాలాచోట్ల మారింది మంట ఒక్కటే. గుండిగ అదే, మూత లేకపోవడం అదే, చుట్టూ వీచే గాలీ అదే. అందుకే సిలిండర్ ఇట్టే ఖాళీ అవుతోంది, నీళ్లు మాత్రం కాగడం లేదు.

లెక్క ఇదీ...

కిలో నీళ్లు, అంటే లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలోక్యాలరీ కావాలి. వందమందికి తలా ఒక బకెట్, బకెట్‌కి 16 లీటర్లు వేసుకుంటే మొత్తం 1,600 లీటర్లు. ట్యాంకులో నీళ్లు 25 డిగ్రీలున్నాయనుకుందాం. ఒంటికి హాయిగా ఉండాలంటే 40 డిగ్రీలు కావాలి. అంటే 15 డిగ్రీలు పెంచాలి. 1,600ని 15తో హెచ్చవేస్తే 24,000 కిలోక్యాలరీలు.

కిలో ఎల్పీజీ మండితే సుమారు 11,000 కిలోక్యాలరీల వేడి వస్తుంది. ఆ వేడంతా నీళ్లకే చేరితే రెండు కిలోల పైచిలుకు గ్యాసు చాలు. కానీ అలా ఎప్పుడూ జరగదు. మూత లేని గుండిగ కింద మంట పెడితే సెగ చాలావరకూ అంచుల మీదుగా గాల్లో కలిసిపోతుంది. మూడోవంతు దక్కినా గొప్పే. అప్పుడు ఆరు కిలోలకు పైగా ఖర్చవుతుంది. అదే, వేడిలో 70 శాతం నీళ్లకు చేరేలా పరికరాన్ని తయారుచేస్తే మూడు కిలోలతో పని పూర్తి. 19 కిలోల వాణిజ్య సిలిండర్‌తో మొదటి పద్ధతిలో మూడు పెళ్లిళ్లు చేస్తే, రెండో పద్ధతిలో ఆరు చేయొచ్చన్నమాట!

నీళ్లన్నీ ఒకేసారి కాచక్కర్లేదు కూడా. రెండు వందల లీటర్ల డ్రమ్ములో నీళ్లను 85 డిగ్రీలకు కాచి, ఒక వంతుకు మూడు వంతుల చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 800 లీటర్లవుతాయి. అంటే యాభై బకెట్లు. ఆ లెక్కన రెండు డ్రమ్ములు కాస్తే వందమందికీ సరిపోతాయి. ఎలా కాచినా పట్టే వేడి ఒకటే. పెద్ద తొట్టి మోసుకెళ్లే బాధ తప్పుతుంది, అంతే.

మరి ఇంట్లో గ్యాసు పొయ్యి మీదే కాస్తే? పెద్ద బర్నర్‌ని పూర్తిగా తిప్పి పెట్టినా ఈ పనికి దాదాపు ఇరవై గంటలు పడుతుంది. గంటలో కావాలంటే గంటకు మూడు కిలోల గ్యాసు మండించే బర్నర్ ఉండాలి. వంటింటి పొయ్యికి, దీనికి పోలికే లేదు.

అమ్మమ్మగారింటి బాయిలర్

మరి 70 శాతం ఎలా సాధ్యం? జవాబు మన పాత ఇళ్లలోనే ఉంది. పెరట్లో నిలువెత్తు రాగి బాయిలర్ గుర్తుందా? మధ్యలో గొట్టం, అందులో బొగ్గులు, చుట్టూ నీళ్లు. పిడకలో, కొబ్బరి చిప్పలో వేసి అంటిస్తే చాలు... కాసేపట్లో వేణ్నీళ్లు సిద్ధం. రోడ్డు పక్కన టీ కొట్టులో కనిపించే ఇత్తడి బాయిలర్, ఇరానీ చాయ్‌కి వాడే సమోవర్ కూడా ఆ కుటుంబానివే. వీటన్నింటిలోనూ నీళ్ల కింద కాదు, నీళ్ల మధ్యలో మంట ఉంటుంది. సెగ ఏ వైపు వెళ్లినా నీళ్లకే తగులుతుంది.

ఇంజిన్లు తయారుచేసేవాళ్లూ ఈ కిటుకునే పట్టుకున్నారు. 1829లో పేరు తెచ్చుకున్న స్టీఫెన్‌సన్ల 'రాకెట్' రైలింజిన్ బాయిలర్‌లో ఒక పెద్ద గొట్టానికి బదులు 25 రాగి గొట్టాలు పెట్టారు. వేడి గాలికీ నీళ్లకూ మధ్య రేకు ఎంత ఎక్కువుంటే వేడి అంత త్వరగా మారుతుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి నుంచీ అమెరికా సైన్యం ఆరుబయట వంటపాత్రలు కడగడానికి, పెద్ద రేకు డబ్బాలోని నీళ్లలో మునిగి ఉండే పెట్రోలు హీటర్లు వాడింది. ఇంధనం వేరైనా సూత్రం ఒకటే.

గ్యాస్ బాయిలర్‌లో దాన్ని ఇలా అమరుస్తారు. డ్రమ్ము అడుగుకు కాస్త పైన అడ్డంగా ఒక లావుపాటి స్టీలు గొట్టం. అది 'యు' ఆకారంలో వంపు తిరిగి, మొదలుపెట్టిన వైపే బయటికొస్తుంది. ఒక కొసన బర్నర్, రెండో కొసన పొగగొట్టం. గొట్టం లోపల మెలితిప్పిన రేకు ముక్క పెడితే వేడి గాలి సుడులు తిరుగుతూ ఎక్కువసేపు గోడలను తాకుతుంది. పొగగొట్టంలోంచి వచ్చే గాలి 150-200 డిగ్రీల దగ్గర ఉంటే పని బాగున్నట్టు. అంతకన్నా బాగా వేడిగా ఉందంటే డబ్బు గాల్లోకి పోతున్నట్టే. మరీ చల్లబడితే పొగ పైకి లాగదు.

నీలిమంటే ఎందుకు?

గ్యాసు ఒక్కటే మండదు. ఒక వంతు ఎల్పీజీకి 24 నుంచి 30 వంతుల గాలి కావాలి. గ్యాసును, గాలిని ముందే కలిపి మండించే పద్ధతిని 1855లో జర్మనీలో రాబర్ట్ బున్సెన్ ప్రయోగశాల ప్రాచుర్యంలోకి తెచ్చింది. నేటి పొయ్యిలన్నీ దాని వారసులే. గాలి సరిపోతే నీలిమంట, చాలకపోతే పసుపుమంట. పసుపుమంట అంటే మసి. మసి పట్టిన రేకు లోపలికి వేడిని సరిగా పోనివ్వదు. మంట నేరుగా చల్లని రేకుకు తగిలినా పూర్తిగా మండకుండానే ఆరిపోతుంది. అందుకే బర్నర్‌కి, గొట్టం గోడకి మధ్య ఖాళీ వదలాలి.

అసలు ప్రమాదం మసి కాదు, కనిపించని కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు... ఆ తర్వాత లేవలేకపోవడం. గాలి ఆడని బాత్రూముల్లో గ్యాస్ గీజర్ల వల్ల జరిగే మరణాలకు కారణం ఇదే. గ్యాస్ గీజర్ కథ మొదలైందే ఈ లోపంతో. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన తొలి గీజర్ చేశాడు. ఐస్‌లాండ్‌లోని వేడినీటి బుగ్గల నుంచి ఆ పేరు వచ్చింది. కానీ దానికి పొగగొట్టమే లేదు! 1889లో అమెరికాలో ఎడ్విన్ రూడ్ తనంతట తాను పనిచేసే గ్యాస్ హీటర్ తెచ్చాకే గృహవినియోగానికి దారి దొరికింది. వాన వచ్చిందని బాయిలర్‌ని గదిలోకో, నాలుగువైపులా మూసిన షామియానాలోకో లాగడమంటే 1868కి తిరిగి వెళ్లడమే.

పొయ్యి వెలిగించిన కొత్తలో పాత్ర అడుగు నుంచి నీళ్లు కారడం చూసి 'చిల్లు పడింది' అని కంగారు పడుతుంటారు. చిల్లు కాదు. కిలో ఎల్పీజీ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. చల్లని రేకు తగలగానే అది చుక్కలవుతుంది. నీళ్లు వేడెక్కాక అదే ఆగిపోతుంది.

మంచు పట్టే సిలిండర్

మంట బాగుంది, గొట్టం బాగుంది. అయినా అరగంటకల్లా మంట తగ్గిపోతుంది. సిలిండర్ చుట్టూ తెల్లగా మంచు! ఎందుకలా? సిలిండర్‌లో గ్యాసు ద్రవంగా ఉంటుంది. కిలో ద్రవం ఆవిరి కావడానికి సుమారు 90 కిలోక్యాలరీలు కావాలి. ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే తీసుకోవాలి. గంటకు మూడు కిలోలు లాగితే గాలి అంత వేడి ఇవ్వలేదు. సిలిండర్ చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు కొందరు సిలిండర్‌ను పడుకోబెడతారు, మరికొందరు పొయ్యి పక్కకు జరుపుతారు. రెండూ ప్రాణాంతకమే. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి వచ్చి మంట ఒక్కసారిగా ఎగసిపడుతుంది. సరైన మార్గం ఒక్కటే... మూడు నాలుగు సిలిండర్లను నిలబెట్టి ఒకే గొట్టానికి కలపడం. ఇంటి సిలిండర్లను ఇలాంటి వ్యాపార పనులకు వాడటం నిబంధనలకూ విరుద్ధం.

మూత చేసే మేలు

లీటరు నీళ్లు ఆవిరైపోతే దాంతోపాటు 540 కిలోక్యాలరీలు పోతాయి. అంత వేడితో తొమ్మిది లీటర్లను 25 నుంచి 85 డిగ్రీలకు కాచొచ్చు. కాబట్టి మూత ఉండాల్సిందే. కానీ బిగించకూడదు! నీళ్లు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు వ్యాపిస్తాయి. దారి లేకపోతే డ్రమ్ము బాంబవుతుంది. మూతలో ఎప్పటికీ మూసుకుపోని గొట్టం ఒకటి పైకి ఉండాలి, దానికి కొళాయి బిగించకూడదు. ఒత్తిడితో పనిచేసే ఆవిరి బాయిలర్లు వేరే జాతి. వాటికి ప్రత్యేక చట్టం, తనిఖీలు ఉన్నాయి. లోకల్ వెల్డింగ్ షాపులో చేయించేవి కావవి.

నీళ్లు తగ్గిపోయి మంటగొట్టం బయటపడటం మరో ముప్పు. నీళ్లు తగలని రేకు నిమిషాల్లో ఎర్రబడి వంగిపోతుంది. దీనికి చవకైన ఉపాయం ఉంది. వేణ్నీళ్ల కొళాయిని మంటగొట్టం కన్నా ఎత్తులో పెడితే చాలు. ఎంత తిప్పినా ఆ మట్టం కిందికి నీళ్లు దిగవు. ఇంకో పద్ధతీ ఉంది. పైన గరాటాలో చన్నీళ్లు పోస్తే లోపలి గొట్టం గుండా అడుక్కి చేరతాయి. తేలికైన వేణ్నీళ్లు పైకి జరిగి పక్కనున్న మూతి నుంచి బయటికొస్తాయి. చెంబు పోస్తేనే చెంబు వస్తుంది. డ్రమ్ము ఎప్పుడూ నిండుగానే ఉంటుంది!

రెండు వందల లీటర్ల నీళ్లంటే రెండు వందల కిలోలు. మెత్తటి నేల మీద సన్నటి కాళ్లు దిగబడి డ్రమ్ము ఒరిగితే మరుగునీళ్లు మీద పడేది అక్కడ పనిచేసే కుర్రాడి మీదే. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లు తగిలినా చర్మం తీవ్రంగా కాలుతుంది. 85 డిగ్రీలైతే అంత సమయం కూడా ఇవ్వదు. అందుకే కాళ్ల మధ్య ఎడం ఎక్కువుండాలి, కింద వెడల్పాటి పలకలుండాలి. చక్రాలు ఖాళీ డ్రమ్మును తరలించడానికే. నీళ్లున్నప్పుడు కదపకూడదు.

వరద శిబిరాల్లో తాగునీటికి వాడాలంటే 85 డిగ్రీలు చాలవు. బాగా తెర్లేలా ఒక నిమిషం మరగాలి. రసాయనాలు నింపిన పాత డ్రమ్ములు అస్సలు వద్దు, స్టీలువే వాడాలి. బోరునీళ్లయితే గొట్టం మీద తెల్లటి పొర పేరుకుంటుంది. నిమ్మఉప్పు కలిపిన నీళ్లతో అప్పుడప్పుడూ కడిగెయ్యాలి. లేకపోతే గ్యాసు ఖర్చు పెరుగుతూనే ఉంటుంది.

అద్దెకు తెచ్చుకుంటున్నారా?

* మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉందా? మంటలో ఉండే చిన్న లోహపు కడ్డీ చల్లబడగానే వాల్వు మూసుకోవాలి. ఎల్పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది.
* సిలిండర్లు బాయిలర్‌కి మూడు మీటర్లకు తగ్గకుండా, నిటారుగా ఉన్నాయా? గొట్టం మీద పగుళ్లు లేవు కదా?
* సబ్బునీళ్లతో లీకు పరీక్ష చేశారా? అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడొద్దు.
* మూత మీది ఆవిరి గొట్టం తెరిచే ఉందా?
* పిల్లలు దగ్గరకు రాకుండా చుట్టూ తాడు కట్టారా? బకెట్లో ముందు చన్నీళ్లు పోసి, తర్వాతే వేణ్నీళ్లు కలపమని అక్కడున్నవారికి చెప్పారా?