పుట్టకొక్కును గుర్తుపట్టడం ఎలా?

తొలకరి వానలు పడి, రెండు రోజులు ఎండ కాసిందంటే మన ఊళ్లలో పిల్లలంతా పుట్టకొక్కుల కోసం చెలకల వెంట తిరుగుతారు. పైసా ఖర్చు లేని కూర, రుచిలో మాంసానికి తీసిపోదు. అయితే గొడుగులా కనిపించిందల్లా పుట్టకొక్కు కాదు. సెలవులకు ఇళ్లకు వెళ్లే తమ్ముళ్ల కోసం మాకు తెలిసింది రాస్తున్నాం.

ఉరుములకు ఇవి మొలుస్తాయని పెద్దలంటారు. నిజానికి వీటిని సాగు చేసేది చెదపురుగులు. అవి ఎండుగడ్డి, పుల్లలు నమిలి, తమ విసర్జనతో పుట్టలోపల స్పాంజి లాంటి గూళ్లు కడతాయి. వాటి మీద ఈ శిలీంధ్రం పెరిగి, గట్టి పుల్లలను అరిగేలా మార్చి చెదలకు ఆహారమవుతుంది. సుమారు 3 కోట్ల ఏళ్లుగా ఈ వ్యవసాయం సాగుతోంది. మనిషి నాగలి పట్టింది నిన్నగాక మొన్న! చెదలు లేకుండా ఇది బతకదు. అందుకే ముత్యపుచిప్ప పుట్టగొడుగులా గడ్డి మీద పెంచలేం. దీని శాస్త్రీయ నామం టెర్మిటోమైసిస్. 1942లో రోజర్ హైమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పేరు పెట్టారు.

ముఖ్యమైన గుర్తు వేరు. పైకి లాగితే తెగిపోతుంది కాబట్టి చుట్టూ మట్టి తవ్వి చూడాలి. కాడ కింద సన్నబడుతూ లోతుగా చెదల గూటి దాకా పోతుంది. రెండోది, గొడుగు నడుమ మేకు మొనలాంటి గట్టి బొడిపె. నేలను చీల్చుకు వచ్చేది దానితోనే. గుంపులుగా లేచే చిట్టి రకానికి మాత్రం ఇంత పొడవు వేరుండదు. దాన్ని ఏటా ఏరే పెద్దలకు చూపించందే వండవద్దు.

మోసం చేసేది గడ్డిలో, ఆటస్థలాల్లో లేచే తెల్లని పెద్ద గొడుగు. దాని మీద గోధుమరంగు పొలుసులు, కాడకు పైకీ కిందికీ జరిగే ఉంగరం ఉంటాయి. లోతైన వేరుండదు. లేతప్పుడు అడుగు రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరితే ఆకుపచ్చబారతాయి. విచ్చిన గొడుగును తెల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచండి. పుట్టకొక్కు అయితే లేత గులాబి పొడి రాలుతుంది, దీనికి ఆకుపచ్చ పొడి. ఇది తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంతకంటే ప్రమాదం అమానిటా జాతిలోని కొన్ని విషపు రకాలు. కాడ మొదట్లో, మట్టిలో, సంచి లాంటి తొడుగుంటుంది. వీటి విషం ఉడికించినా పోదు. ఆరు గంటలు దాటాక గాని బాధ మొదలవదు. మధ్యలో తగ్గినట్టనిపించి, తర్వాత కాలేయం చెడిపోతుంది. విషపు పుట్టగొడుగులు తిని 2022 ఏప్రిల్‌లో అస్సాంలో 13 మంది చనిపోయారు.

కూరలో వెండి నాణెం వేస్తే నల్లబడుతుందని, పురుగు తిన్నది మంచిదని చెప్పే మాటలు నమ్మకండి. తిన్నాక వాంతులైతే వెంటనే 108కి ఫోన్ చేయండి. వండగా మిగిలిన కొక్కు ఒక్కటున్నా కాగితంలో చుట్టి ఆసుపత్రికి తీసుకుపోండి. ఏ రకం తిన్నారో డాక్టరు గారికి దాన్నిబట్టి తెలియవచ్చు.