ఉపగ్రహం ఎవరినీ వెతకదు

"డిమెన్షియా ఉన్న మా అమ్మ మెడలో జీపీఎస్ ట్రాకర్ వేశాం. మొన్న చెప్పకుండా బయటికెళ్తే ఫోన్‌లో పక్క వీధిలో ఉన్నట్టు చూపించింది. తీరా చూస్తే మా వీధి చివరే ఉంది. ఉపగ్రహం పొరబడిందా?" అని ఓ పాఠకురాలు అడిగారు.

లేదమ్మా, ఉపగ్రహం మీ అమ్మగారిని అసలు చూడనే లేదు. పైనుంచి అది మనిషిని కనిపెడుతున్నట్టు సినిమాల్లో చూపించేదంతా తప్పు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తానెక్కడున్నదీ, తన గడియారంలో టైమెంతైందీ చెప్పుకుంటూ పోతుంది, అంతే. వినేది మెడలోని ట్రాకరే. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు ఎంతెంత ఆలస్యంగా అందాయో లెక్కగట్టి తన చోటు తేల్చుకుని, సిమ్ ద్వారా మీ ఫోన్‌కి పంపుతుంది.

ఆ వినడంలోనే ఉంది అద్భుతమంతా! నేలకు చేరేసరికి ఆ సంకేతం ట్రాకర్ సర్క్యూట్లో పుట్టే రొద కన్నా బలహీనం. పైగా జీపీఎస్ ఉపగ్రహాలన్నీ 1575.42 మెగాహెర్ట్జ్ మీదే ఒకేసారి మాట్లాడతాయి. మరి విడదీసేదెలా? ఒక్కో ఉపగ్రహానికి 1,023 ప్లస్, మైనస్‌ల వరస ఒకటుంది, మిల్లీసెకనుకోసారి దాన్నే మళ్లీ మొదలుపెడుతుంది. ఆ వరస నకలు ట్రాకర్ దగ్గరా ఉంటుంది. వచ్చినదాని పక్కన నకలును కొద్దికొద్దిగా జరుపుతూ, అంకెకు అంకె గుణించి కూడుతుంది. వరస కుదరనంతసేపూ ప్లస్సులూ మైనస్సులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, రొద కూడా అలాగే చెరిగిపోతుంది. సరిగ్గా కుదిరిన చోట మాత్రం 1,023 అంకెలూ ఒకే వైపు పోగుపడి, మొత్తం ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఎంత జరిపితే కుదిరిందో అంత ఆలస్యమన్నమాట. ఎంత జరిపినా ఒకదానితో ఒకటి కలవని ఇలాంటి వరసలు కట్టే పద్ధతిని రాబర్ట్ గోల్డ్ 1967లో ప్రకటించాడు. అంత అందమైన గణితం ఓ ముసలమ్మ మెడలో వేలాడుతోంది!

ఇక మీ పక్క వీధి సంగతి. రెండు వైపులా నాలుగంతస్తుల ఇళ్లుంటే నేరుగా రావలసిన సంకేతం ఆగిపోతుంది, ఎదురు గోడకు తగిలి మళ్లినది అందుతుంది. వరస అదే కాబట్టి చక్కగా కుదురుతుంది, కాకపోతే ఆలస్యంగా. 100 నానోసెకన్ల ఆలస్యమంటే దూరంలో 30 మీటర్ల తేడా. పక్క వీధికి అంత చాలు.

తయారీదార్ల మీద నా ఫిర్యాదు ఒక్కటే: ఖాళీ మైదానంలో వచ్చే కచ్చితత్వాన్ని డబ్బా మీద వేసి, ఇరుకు వీధుల ఊసెత్తరు. ఫోన్‌లో చుక్క కనబడితే దాని చుట్టూ రెండు మూడు వీధులు వెతకండి. ట్రాకర్ వెనక మీ నంబరు పెద్ద అంకెల్లో అతికించండి. ఎదురైనవాళ్లు అది చూసి ఫోన్ చేస్తారు.